పెట్టెలో మిగిలే గాలి: విన్‌ఐఎస్‌డీ చెప్పేదీ, చెప్పనిదీ

కారు డిక్కీలో నేను మొదట పెట్టుకున్న పోర్టెడ్ సబ్‌వూఫర్ పెట్టె (లోతైన బేస్ పలికే స్పీకరును, పోర్టు అనే గాలిదారి ఉన్న పెట్టెలో బిగించినది) ఒకే ఒక్క స్వరం పలికేది. పాటలో బేస్ గిటార్ ఏ మెట్టు మీద ఉన్నా, డోలు ఏ లయలో మోగినా, డిక్కీలోంచి వచ్చేది మాత్రం ఒకే రకమైన దబ్బుదబ్బు మోత. 43, 44 హెర్ట్జ్ దగ్గర అద్దాలు అదిరేవి. 30 హెర్ట్జ్ దగ్గర స్పీకరులో కదిలే కోన్ ఊగేదే తప్ప శబ్దం పుట్టేది కాదు. ఆ పెట్టెను లెక్కగట్టింది విన్‌ఐఎస్‌డీ అనే ప్రోగ్రాములోనే. ఇప్పుడు నేను ఇష్టంగా వింటున్న రెండో పెట్టెను లెక్కగట్టిందీ ఆ ప్రోగ్రాములోనే. స్పీకరు మారలేదు, యాంప్లిఫయరు మారలేదు, కారు మారలేదు, తెర మీద నేను ఇచ్చిన అంకెలు కూడా మారలేదు. అందువల్ల ఈ ప్రోగ్రాము బాధ్యత ఎక్కడ ముగుస్తుందో, చేసేవాడి బాధ్యత ఎక్కడ మొదలవుతుందో కొంత అనుభవంతో చెప్పగలననే నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

విన్‌ఐఎస్‌డీ లీనియర్‌టీమ్ వారు ఉచితంగా ఇస్తున్న చిన్న విండోస్ ప్రోగ్రాము. స్పీకరు గుణాంకాలు ఇచ్చి, పెట్టె రకం, పరిమాణం, ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ (పోర్టు బలంగా మోగే స్వరం) చెబితే, ఆ జత ఎలా మోగుతుందో గీతల రూపంలో చూపిస్తుంది. దీని వెనుక ఉన్న లెక్క కొత్తదేమీ కాదు. పెట్టెకు రంధ్రం పెట్టి, కోన్ వెనుకవైపు శబ్దాన్ని కూడా వాడుకోవాలన్న ఆలోచనకు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన తూరాస్ 1930లో పేటెంటు కోసం దరఖాస్తు చేయగా, అది 1932లో మంజూరైంది. అయితే ఏ స్పీకరుకు ఎంత పెట్టె, ఎంత పొడవు పోర్టు అన్న ప్రశ్నకు సూటి జవాబు దొరకడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పరిశోధన, దాన్ని 1970ల తొలి సంవత్సరాల్లో రిచర్డ్ స్మాల్ విస్తరించిన తీరు ఈ విద్యకు పునాది. సబ్‌వూఫర్‌తో వచ్చే కాగితం మీద ఎఫ్‌ఎస్ (స్పీకరు సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంతగా అణగుతుందో చెప్పే సంఖ్య), వీఏఎస్ (స్పీకరు సస్పెన్షనంత మెత్తగా ఉండే గాలి పరిమాణం) అని ఉండే గుణాంకాలను థీల్-స్మాల్ పారామీటర్లు అని పిలవడం అందుకే. విన్‌ఐఎస్‌డీ చేసేదల్లా ఆ సమీకరణాలను రెప్పపాటులో సాధించి పెట్టడం. ఆ పనిలో అది తడబడగా నేను చూడలేదు.

మొదటి మెట్టు స్పీకరు వివరాలు నింపడం. దీనితో పాటు కొన్ని స్పీకర్ల జాబితా వస్తుంది గానీ, మన చేతిలో ఉన్న కారు సబ్‌వూఫర్ అందులో ఉంటుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. చాలామందిలాగే నేనూ కొత్త ఎంట్రీ తెరిచి అంకెలన్నీ స్వయంగా నింపాను. నాది 12 అంగుళాల స్పీకరు. ఎఫ్‌ఎస్ 28 హెర్ట్జ్, క్యూటీఎస్‌లోని విద్యుత్ భాగం క్యూఈఎస్ 0.42, యాంత్రిక భాగం క్యూఎంఎస్ 6, వీఏఎస్ 60 లీటర్లు, కోన్ వైశాల్యం 480 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒకవైపుకు భద్రంగా కదలగల దూరం) 12 మిల్లీమీటర్లు. కొన్ని గుణాంకాలు ఇస్తే మిగిలినవాటిని ప్రోగ్రామే లెక్కగట్టుకుంటుంది: ఈ రెండు క్యూలు ఇస్తే క్యూటీఎస్ 0.39 అని అదే తేల్చింది. ఈ గుణం ఎంత ఉపయోగకరమో అంత చికాకు కూడా. ఎందుకంటే తయారీదారు కాగితం మీది అంకెలు సవరించి ముద్రించినవి కావడం వల్ల ఒకదానితో ఒకటి కచ్చితంగా పొసగవు. అన్నిటినీ నింపబోతే ప్రోగ్రాము అభ్యంతరం చెబుతుంది. ముఖ్యమైన గుణాంకాలను మాత్రమే ఇచ్చి, మిగిలినవి దానికే వదిలేసి, అది తేల్చిన అంకెలను కాగితంతో పోల్చి చూసుకోవడం మేలైన పద్ధతి. పెద్ద తేడా కనిపిస్తే ఎక్కడో ప్రమాణం తప్పు పడిందని అర్థం: వీఏఎస్‌ను ఘనపుటడుగుల్లో ఇచ్చి ఉండవచ్చు, ఎక్స్‌మ్యాక్స్‌ను ఒకవైపు కదలికగా కాక రెండువైపులా కలిపి ఇచ్చి ఉండవచ్చు. ఈ రెండో పొరపాటు ముఖ్యంగా ప్రమాదకరం. 12 అనాల్సిన చోట 24 అని పడితే, భద్రంగా ఉందని తెర చెప్పిన స్పీకరు డిక్కీలో చిరుగుతుంది.

కారు స్పీకర్లలో ఎక్కువ వాటికి రెండు వాయిస్ కాయిళ్లు (కోన్‌ను కదిపే తీగచుట్టలు) ఉంటాయి కాబట్టి ఇంకొక మాట చెప్పాలి. కాయిళ్లను సిరీస్‌లో కలిపినా, సమాంతరంగా కలిపినా క్యూటీఎస్ మారదు. మారేవి నిరోధం, దానితో పాటు మోటారు బలాన్ని చెప్పే బీఎల్. కాగితం మీది అంకెలు ఏ కలయికకు ఇచ్చారో చూసుకుని, దానికి తగ్గ నిరోధమే నింపాలి. కొత్త స్పీకరు కొన్ని గంటలు మోగాక ఎఫ్‌ఎస్ తగ్గుతుందని, అందుకే లెక్కలు ముందే వేయకూడదని కొందరు వాదిస్తారు. ఎఫ్‌ఎస్ తగ్గినప్పుడు వీఏఎస్ పెరుగుతుంది, క్యూ కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. పెట్టె లెక్క మీద దాని ప్రభావం స్వల్పం. ఆ బెంగ అనవసరమని నా అభిప్రాయం.

స్పీకరు సిద్ధమయ్యాక ప్రోగ్రాము తనంత తానే ఒక పెట్టె సూచిస్తుంది. నా స్పీకరుకు సాంప్రదాయిక సూత్రం ప్రకారం వచ్చేది సుమారు 60 లీటర్లు, 27 హెర్ట్జ్. ఇంట్లో పెట్టుకునే స్పీకరుకైతే అది మంచి సలహానే. కారుకు మాత్రం దాన్ని ఆరంభ బిందువుగానే చూడాలి. ట్యూనింగ్ దిగినకొద్దీ పోర్టు పొడవు పెరుగుతుంది, పెట్టె పెద్దదవుతుంది, డిక్కీలో చోటు మాత్రం పెరగదు. పైగా నేను వినే సంగీతంలో బలం 35 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 27 హెర్ట్జ్ దగ్గర పోర్టు చేసే సాయం ఆ పట్టీకి అంతగా అందదు. గీతలు పక్కపక్కన పెట్టి చూసుకుని 50 లీటర్లు, 32 హెర్ట్జ్ దగ్గర ఆగాను. ఇలా నాలుగైదు పెట్టెలను వేర్వేరు రంగుల గీతలుగా ఒకే తెర మీద పేర్చి చూడగలగడం ఈ ప్రోగ్రాములో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. 5 లీటర్లు పెంచితే ఏమవుతుంది, 2 హెర్ట్జ్ దించితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు రంపం పట్టకుండానే జవాబు దొరుకుతుంది. ఒక సాయంత్రం ఇలా గీతలతో ఆడుకున్నవాడికి పోర్టెడ్ పెట్టె స్వభావం ఎన్ని వ్యాసాలు చదివినా అర్థం కానంతగా అర్థమవుతుంది.

ఇక పోర్టు విభాగం. గుండ్రటి గొట్టమా, చీలిక లాంటి దీర్ఘచతురస్రపు స్లాటా, ఎన్ని, ఎంత వెడల్పు అని చెబితే పొడవు అదే లెక్కగడుతుంది. నేను మొదట 10 సెంటీమీటర్ల వ్యాసం గల ఒకే గొట్టంతో చూశాను. పొడవు 38 సెంటీమీటర్లు వచ్చింది. పెట్టెలో సులువుగా ఇమిడిపోతుంది. కానీ పోర్టులో గాలి వేగాన్ని చూపే గీత తెరవగానే సంగతి బోధపడింది. నేను ఇవ్వదలచిన 300 వాట్ల దగ్గర గాలి సెకనుకు 40 మీటర్లు దాటి దూసుకుపోతోంది. ధ్వని వేగంలో 5 శాతం, అంటే సెకనుకు 17 మీటర్ల దాకా పోర్టు నిశ్శబ్దంగా ఉంటుందని పాత సూత్రం. కారులో ఇంజను, రోడ్డు శబ్దం ఉంటాయి కాబట్టి 25 వరకూ సర్దుకోవచ్చు. 40 అంటే బేస్‌తో పాటు ఊదుతున్న చప్పుడు వినిపించడమే కాదు, గట్టిగా మోగించినప్పుడు పోర్టు సగం మూసుకుపోయినట్టు ప్రవర్తిస్తుంది. 5 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల ఎత్తు గల స్లాటుకు మార్చాక వేగం 20 చుట్టుపక్కలకు దిగింది. వైశాల్యం 165 చదరపు సెంటీమీటర్లు, అంటే లీటరుకు 3.3, కార్ల పెట్టెలు చేసేవారు లీటరుకు సుమారు 2.7 నుంచి 3.6 చదరపు సెంటీమీటర్లు వాడే అలవాటు ఉంది కాబట్టి అనుభవమూ లెక్కా ఒకచోట కలిశాయి. అయితే దానికి చెల్లించాల్సిన మూల్యం పొడవు. వైశాల్యం రెట్టింపు దాటేసరికి పొడవు 38 నుంచి 85 సెంటీమీటర్లకు పోయింది. అంత పొడవైన పోర్టు తనే ఒక పిల్లనగ్రోవిలా సొంత స్వరం పలకగలదు. ఆ మొదటి అనునాదం ఎక్కడ పడుతుందో కూడా ప్రోగ్రాము చూపిస్తుంది. నా పోర్టుకు అది 180, 200 హెర్ట్జ్ మధ్య పడింది. 80 హెర్ట్జ్ దగ్గరే లోపాస్ (పై స్వరాలను ఆపే ఫిల్టరు) పెట్టి మోగించే సబ్‌వూఫరుకు దానితో ఇబ్బంది లేదు.

ఇక్కడిదాకా నా మొదటి పెట్టెకూ రెండో పెట్టెకూ తేడా లేదు. తేడా అంతా తర్వాతి ఒక్క మాటలో ఉంది. తెర మీద 50 లీటర్లు అని ఉన్నప్పుడు ఆ 50 లీటర్లు దేనివి?

నేను దాన్ని పెట్టె లోపలి కొలతగా తీసుకున్నాను. పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే 50,000 ఘన సెంటీమీటర్లు వచ్చేలా పలకలు కోయించి, ఆ లోపలే 85 సెంటీమీటర్ల పోర్టును మడిచి బిగించాను. ప్రోగ్రాము ఉద్దేశం అది కాదు. అది అడిగేది అన్నీ తీసేశాక కోన్ వెనుక స్ప్రింగులా పనిచేసే గాలి ఎంత మిగులుతుందని. పోర్టు లోపలి గాలి ఆ లెక్కలోకి రాదు. అది స్ప్రింగుకు వేలాడే బరువు. కాబట్టి దాన్ని తీసేయాలి: 165ను 85తో గుణిస్తే 14 లీటర్లు. పోర్టు గోడ 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. పలక; అది తినే చోటు దాదాపు 5 లీటర్లు. స్పీకరు అయస్కాంతం, బుట్ట కలిసి 3 లీటర్లు. మూలల్లో బలానికి బిగించిన కర్రలు 1 లీటరు. మొత్తం 23 లీటర్లు. నా 50 లీటర్ల పెట్టెలో స్పీకరుకు మిగిలింది 27 లీటర్ల గాలి మాత్రమే. ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ గాలి పరిమాణపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది కనుక 32 హెర్ట్జ్ కావలసిన పోర్టు 43న్నర దగ్గర కూర్చుంది. గాలి తక్కువ, ట్యూనింగ్ ఎక్కువ: ఈ రెండూ కలిస్తే గీతలో ఒక నిటారు శిఖరం లేస్తుంది. ఆ శిఖరమే నా కారులో అద్దాలదరగొట్టిన ఒంటి స్వరం. తర్వాత అదే ప్రోగ్రాములో 27 లీటర్లు, 43.5 హెర్ట్జ్ అని వేసి చూస్తే నా చెవులు విన్నది విన్నట్టుగా తెర మీద కనబడింది. తప్పును ముందే పట్టుకునే అవకాశం నాకు ఉండిందని గ్రహించి కాసేపు మాట రాలేదు.

ఇందులో ప్రోగ్రాము దోషం ఎంత? లెక్క పరంగా ఏమీ లేదు; అది అడిగిన సంఖ్యకు అది సరైన జవాబే ఇచ్చింది. కానీ పోర్టు పొడవు, వైశాల్యం తనకు తెలిసినప్పుడు, అది ఎన్ని లీటర్లు తింటుందో పక్కన ఒక్క వరుసలో చూపించి, ‘ఇది కలుపుకుని పెట్టె కట్టండి’ అని ఉంటే నాలాంటి కొత్తవాడికి ఒక పలకల సెట్టు మిగిలేది. పెట్టె పరిమాణం అన్న గడిలో నికర గాలి అన్న అర్థం దాగి ఉందని తెలిసినవాళ్ల కోసం తయారైన పనిముట్టు ఇది. పలకలు ఎలా కోయాలో చెప్పే పట్టిక ఇవ్వదు, పోర్టు ఎక్కడ వంగుతుందో పట్టించుకోదు, పలక మందం అడగదు. తెలిసినవాడి చేతిలో మంచి స్కేలు లాంటిది. కాగితం మీద బొమ్మ మనమే వేసుకోవాలి.

రెండోసారి ఆ బొమ్మ ఇలా వేసుకున్నాను. 50కి 23 కలిపితే 73 లీటర్లు. లోపలి ఎత్తు 33, వెడల్పు 54, లోతు 41 సెంటీమీటర్లు. స్లాటు పక్క గోడను ఆనుకుని లోపలికి వెళ్లి, వెనుక గోడ దగ్గర మలుపు తిరిగి, ఆ గోడ వెంబడి సాగుతుంది. పొడవును స్లాటు మధ్య గీత వెంట కొలవాలి, లోపలి గోడ వెంటా కాదు, బయటి గోడ వెంటా కాదు. ముందు పలకను రెండు పొరలు చేశాను కనుక ఆ 36 మిల్లీమీటర్లు కూడా పోర్టు పొడవులో భాగమే. ముందు నుంచి మలుపు దాకా 42 సెంటీమీటర్లు, మలుపు తర్వాత 43. లోపలి కొసకూ ఎదురు గోడకూ మధ్య కనీసం స్లాటు వెడల్పంత ఖాళీ ఉండాలి; నాకు 8 సెంటీమీటర్ల పైచిలుకు మిగిలింది. డిక్కీలో పెట్టినప్పుడు పోర్టు నోటికి ఎదురుగా సామాను ఆనకుండా అంతే జాగ్రత్త పడాలి. మలుపు దగ్గర మూలలో ఏటవాలు చెక్క ముక్క, పోర్టు నోటి అంచులకు గుండ్రటి చెక్కుడు, ప్రతి అతుకుకూ లోపలివైపు సీలెంటు పూత. పెట్టెలో గాలి కారే నష్టాన్ని ప్రోగ్రాము క్యూఎల్ అనే సంఖ్యతో లెక్కిస్తుంది, దాని మామూలు విలువ 10. అతుకులు వదులైతే ఆ విలువ పడిపోతుంది, పోర్టు చేసే సాయమూ దానితో పాటే పడిపోతుంది. కావాలంటే ఆ అంకెను 5కు తగ్గించి గీత ఎంత కుంగుతుందో చూడండి. సీలెంటు విషయంలో బద్ధకం పోతుంది.

కోన్ కదలికను చూపే గీత గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కారు సబ్‌వూఫర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పోర్టెడ్ పెట్టెలో ట్యూనింగ్ దగ్గర కోన్ దాదాపు నిలిచిపోయి పోర్టే మోగుతుంది. తెర మీద ఆ చోట లోయ కనిపిస్తుంది. పైన 45 హెర్ట్జ్ ప్రాంతంలో చిన్న గుట్ట. ట్యూనింగ్‌కు కిందికి దిగితే మాత్రం పెట్టెలోని గాలి కోన్‌ను ఆపడం మానేస్తుంది, గీత కొండలా పైకి లేచి ఎక్స్‌మ్యాక్స్ హద్దును దాటేస్తుంది. నా పెట్టెలో 300 వాట్ల దగ్గర 27 హెర్ట్జ్ కిందికి రాగానే ఇది జరుగుతోంది. పోర్టు లేకుండా పూర్తిగా మూసిన సీల్డ్ పెట్టెలో ఈ ప్రమాదం లేదు. కాబట్టి పోర్టెడ్ పెట్టెకు సబ్‌సోనిక్ ఫిల్టరు (మరీ కింది స్వరాలను ఆపేది) అలంకారం కాదు, తప్పనిసరి. ఫిల్టర్ల విభాగంలో 26 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవుకు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెళ్ల వాలుతో అలాంటి ఒక హైపాస్ చేర్చి చూస్తే కొండ కరిగిపోయింది, 35 హెర్ట్జ్ పైన వినిపించే దాంట్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యాంప్లిఫయరులో అదే అమర్చాను. ఫిల్టరు వల్ల గ్రూప్ డిలే (స్వరం ఆలస్యంగా వెలువడటం) కొంత పెరిగిందని మరో గీత చూపించింది. అది ట్యూనింగ్ చుట్టూనే ఉండటం వల్ల నా చెవికి పట్టింపు కలగలేదు. ఆ విషయంలో సున్నితమైన చెవి ఉన్నవారు సీల్డ్ పెట్టె వైపు చూడటం మంచిది.

కారులో వాడేవారికి ఈ ప్రోగ్రాము చెప్పని అసలు విషయం కారే. తెర మీది గీత బయలు ప్రదేశంలో మోగే స్పీకరుది. మూసిన కారు అలా కాదు. ధ్వని తరంగంలో సగం కారు లోపలి పొడవు కంటే పెద్దదైనప్పటి నుంచి లోపలి గాలి మొత్తం ఒక్కటిగా నొక్కుకుని సాగుతుంది, కింది స్వరాలకు అదనపు బలం వస్తుంది. లోపలి పొడవు 2.8 మీటర్లయితే ఆ మార్పు 60 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. సిద్ధాంతం ప్రకారం అక్కడినుంచి కిందికి ఆక్టేవుకు 12 డెసిబెళ్లు కలవాలి. అద్దాలు, తలుపులు, పైకప్పు రేకు వంగడం వల్ల, సందుల్లోంచి గాలి పోవడం వల్ల నిజంలో అంతకంటే తక్కువే కలుస్తుంది. తెర మీద చదునుగా కనిపించే పెట్టె కారులో కింద బరువుగా మోగేది అందుకే. ఇది తెలియక గీత చదునుగా రావాలని పెట్టెను పెంచుకుంటూ పోయేవారిని చూశాను. నేను గీతను 50 హెర్ట్జ్ కింద కొద్దిగా వాలనిచ్చి, మిగిలింది కారుకు వదిలేశాను. కారు ప్రభావాన్ని ఫిల్టరు రూపంలో ప్రోగ్రాములో చేర్చి చూడొచ్చుగా అని అనిపిస్తుంది. చూడొచ్చు, కానీ అది యాంప్లిఫయరుకు ముందు సంకేతాన్ని పెంచినట్టే లెక్క వేస్తుంది కనుక కోన్ కదలిక, గాలి వేగం గీతలు కూడా అబద్ధంగా పెరిగిపోతాయి. ఆ పరీక్షకు ప్రాజెక్టు ప్రతి ఒకటి వేరుగా తీసి, అందులో ధ్వని గీతను మాత్రమే చూడాలి.

ఇంకొక పరిమితి కూడా ఉంది. ఈ గీతలన్నీ స్పీకరు చల్లగా ఉన్నప్పుడు, కోన్ కొద్దిగా కదులుతున్నప్పుడు వర్తించేవి. కాయిలు వేడెక్కితే నిరోధం పెరిగి శబ్దం తగ్గుతుంది. కోన్ అంచులకు చేరేకొద్దీ మోటారు పట్టు సడలుతుంది. పోర్టులో గాలి సుడులు తిరిగితే దాని పని తగ్గుతుంది. వాట్ల గడిలో 1,000 అని కొట్టి తెర మీద పెరిగిన డెసిబెళ్లను చూసి మురిసిపోవడం వృథా. వాట్లు రెట్టింపు చేస్తే లెక్కలోనే 3 డెసిబెళ్లు కలుస్తాయి. కారులో అవీ పూర్తిగా కలవవు.

చూపుకు ఈ ప్రోగ్రాము పాతకాలపు విండోస్ తరహాలోనే ఉంటుంది. గడులు చిన్నవి, ఏ అంకె ఏ ప్రమాణంలో ఉందో ప్రతిసారీ చూసుకోవాలి, గీతల ఎంపిక ఎక్కడుందో మొదటిరోజు వెతుక్కోవాలి. అయినా తేలికగా నడుస్తుంది, డబ్బు అడగదు, చెప్పింది దాచదు. ఇంతవరకు స్పీకరు పెట్టె కట్టనివారు దీన్నొక్కదాన్నే నమ్ముకుని రంపం పట్టకూడదు. పక్కన కాగితం, కాలిక్యులేటరు ఉండాలి. ఆ రెండూ ఉన్నవారికి ఐదింటికి నాలుగు మార్కులు ఇచ్చి సిఫారసు చేస్తాను. పోయిన ఆ ఒక్క మార్కు నికర గాలి సంగతి చెప్పనందుకు.

చివరగా పెట్టె కట్టాక చేసిన కొలత. స్పీకరుకు వరుసలో ఒక పెద్ద రెసిస్టరు కలిపి, 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా ఒక్కొక్క హెర్ట్జ్ పెంచుతూ స్పీకరు కొసల మధ్య వోల్టేజి రాసుకున్నాను. పోర్టెడ్ పెట్టెలో రెండు శిఖరాలు, వాటి మధ్య ఒక లోయ వస్తాయి. ఆ లోయ అడుగే ట్యూనింగ్. నాకు అది 31 దగ్గర తేలింది. స్లాటు పెట్టె గోడలను ఆనుకుని ఉన్నప్పుడు, ఆ గోడలే దానికి కొనసాగింపులా పనిచేసి, పోర్టు లెక్క కంటే కాస్త పొడవుగా ప్రవర్తిస్తుంది. ప్రోగ్రాములో కొస సవరణ (పోర్టు కొసల దగ్గర కదిలే గాలికి చేసే సర్దుబాటు) ఎంచుకునే వీలుంది గానీ ఈ మడత స్లాటుకు కచ్చితంగా సరిపోయేది అందులో లేదు. ఇలా జరగవచ్చని ముందే అనుకుని లోపలి చివరి పలకకు జిగురు పూయకుండా స్క్రూలతోనే బిగించి ఉంచాను. స్పీకరు విప్పి, ఆ రంధ్రంలోంచే చెయ్యి పెట్టి పలక తీసి, 7 సెంటీమీటర్లు కోసి మళ్లీ బిగించాను. పోర్టు తగ్గిన మేర గాలి లీటరున్నర దాకా పెరుగుతుంది కాబట్టి అనుకున్నంత పైకి పోదని తెలుసు. తిరిగి కొలిస్తే లోయ 32కు అర హెర్ట్జ్ లోపలే పడింది. అప్పుడు మాత్రమే ఆ పలకకు జిగురు పూశాను.